మా నర్సరీలో మాఘం నుంచి వైశాఖం దాకా

2025 సంక్రాంతి వెళ్లిన వారానికి మా నాన్నగారికి మోకాలి ఆపరేషన్ జరిగింది. మూడు నెలల పాటు మడుల మధ్య తిరగకూడదని, ముఖ్యంగా కింద కూర్చుని చేసే పని ఏదీ ముట్టుకోకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పి పంపారు. తూర్పు గోదావరి జిల్లా కడియం మండలంలో కాలువ గట్టును ఆనుకుని మాకున్న నర్సరీ 60 సెంట్లు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు ఊళ్లలో జాతీయ రహదారి పొడుగునా కనిపించే పెద్ద నర్సరీల లాగా మా దగ్గర విదేశీ మొక్కలు గానీ, జంతువుల ఆకారంలో కత్తిరించిన చెట్లు గానీ ఉండవు. మామిడి అంట్లు, జామ, నిమ్మ, సపోటా, నాలుగు రకాల మల్లె, కాగితపు పూలు, మందారాలు, ఇంటి ముందు పెట్టుకునే క్రోటన్లు, ఇంతే మా సరుకు. నేను హైదరాబాదులో చేసే ఉద్యోగం ఇంటి నుంచి కూడా చేసుకోగలిగినది కాబట్టి, ఉదయం ఆరు నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం నర్సరీ పని చూసుకుంటానని చెప్పి మాఘమాసం మొదట్లో ఊరు చేరాను.

పుట్టి పెరిగింది ఆ మొక్కల మధ్యనే అయినా నాకు పని రాదని అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు కవర్లు నింపాను, మొక్కలకు నీళ్లు పెట్టాను, లారీకి లోడు ఎక్కిస్తుంటే లెక్క రాశాను. అంటు కత్తి మాత్రం నాన్నగారు ఎప్పుడూ నా చేతికి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మా మేనమామ నలభై ఏళ్లుగా చుట్టుపక్కల నర్సరీలన్నిటికీ వెళ్లి అంట్లు కట్టిన మనిషి. ఇప్పుడు చూపు మందగించడం వల్ల కత్తి పట్టడం మానేసినా, పక్కన కూర్చుని నేర్పుతానని ఆయనే ముందుకొచ్చారు.

పట్నంలో ఉన్నవాళ్లు వసంతం అనగానే నర్సరీకి అమ్మకాల కాలం అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. మా వైపు అసలు అమ్మకం తొలకరితో మొదలవుతుంది. రైతు మామిడి తోట వేసేది జ్యేష్ఠ, ఆషాఢాల్లో నేల తడిసిన తరవాతే కాబట్టి, మాఘ ఫాల్గుణాల్లో మేము చేసే పని అంతా ఆ నాలుగు నెలల తరవాతి రోజు కోసమే. శివరాత్రికీ ఉగాదికీ వచ్చి మల్లెమొక్క, మందారం, తులసి కొనుక్కునే ఇంటివాళ్ల డబ్బుతో కూలీ, మట్టి ఖర్చులు గడుస్తాయి. నిజమైన పంట ఆ సమయంలో నెట్ల కింద, కళ్లకు ఏమీ ఆనని కర్రపుల్లల రూపంలో ఉంటుంది.

మొదటి పది రోజులూ మట్టి పనే. మెట్ట నుంచి ట్రాక్టరు మీద వచ్చే ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల గత్తం ఒక పాలు, దానికి కొంత కొబ్బరి పొట్టు కలపాలి. కోనసీమ నుంచి వచ్చే ఆ కొబ్బరి పొట్టును తెచ్చినది తెచ్చినట్టు కలిపితే అందులోని ఉప్పుకు లేత వేళ్లు మాడిపోతాయి. తొట్టిలో నానబోసి, నీళ్లు వంపేసి, మళ్లీ నింపి వంపేస్తూ రెండు మూడు సార్లు కడగాలి. మొదటిసారి వంపిన నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, మూడోసారికి తేటపడతాయి. మా దగ్గర పని చేసే ఐదుగురు ఆడవాళ్లలో పెద్దావిడను నేను చిన్నప్పటి నుంచి పిన్నీ అని పిలుస్తాను. ఆవిడ కలిపిన మట్టిని పిడికిట్లో నొక్కి వదిలి చూస్తుంది. ముద్ద నిలబడి, వేలితో తాకగానే విరిగిపోతే మట్టి కుదిరినట్టు. అలాగే ముద్దగా ఉండిపోతే ఇసుక చాలలేదని అర్థం. కవరు నింపేటప్పుడు మట్టిని అడుగున గట్టిగా, పైన కొంచెం వదులుగా కూరి, పై అంచున రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంచుతారు. ఆ ఖాళీ లేకపోతే పోసిన నీరు నిలవకుండా పక్కకు జారిపోతుంది.

ఈలోగా మామయ్య నన్ను టెంక మొక్కల మడుల దగ్గరికి తీసుకెళ్లారు. అవి కిందటి ఆషాఢంలో నాటు మామిడి టెంకలు వేసి పెంచినవి. మామిడి టెంకను దాచిపెట్టి తీరిక చూసుకుని వేద్దామంటే కుదరదు, పండు తిన్న కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది. అందుకే జ్యూసు తీసే చోట్లా, తాండ్ర చేసే ఇళ్ల దగ్గరా టెంకలను తాజాగా తెచ్చి, నీళ్లలో వేసి, పైకి తేలినవాటిని తీసేసి, మునిగినవాటిని మాత్రమే మడుల్లో పాతుతారు. ఎనిమిది నెలలు గడిచేసరికి పెన్సిలు మందం వచ్చిన ఆ మొక్కలే అంటుకు మొదలు. సుమారు 600 మొక్కల్లో అంటుకు పనికివచ్చేవి 430 దాకా ఉన్నాయని మామయ్య లెక్క తేల్చారు. మిగిలినవి వంకర తిరిగినవో, మరీ సన్నగా ఉన్నవో. వాటిని వచ్చే ఏటికి వదిలేశాం.

అంటు కట్టడానికి ఈ కాలమే ఎందుకని నేను అడిగితే ఆయన మాటల్లో చెప్పలేదు, టెంక మొక్క ఒకదాన్ని తీసి, బెరడు మీద గోరుతో సన్నగా గీసి చూపించారు. బెరడు చర్మం లాగా తేలిగ్గా లేచింది. దాని కింద, చేవ మీద, తడిగా జారుతూ ఒక పలుచని పచ్చటి పొర కనిపించింది. చలి తగ్గి చెట్టులో రసం కదలడం మొదలయ్యాక ఆ పొర చురుగ్గా పని చేస్తుంది. మంచి రకం చెట్టు నుంచి కోసి తెచ్చి కట్టే పుల్లలోని పొరా, మొదలు మొక్కలోని పొరా ఒకదాన్నొకటి తాకి ఉంటేనే రెండూ కలిసి కొత్త కండ పోసుకుంటాయి. బెరడు బెరడుకు తాకినా, చేవ చేవకు తాకినా ఉపయోగం లేదు. పుస్తకాల్లో కేంబియం అని నేను చదువుకున్నది ఇదేనని నాకు ఆ క్షణంలో అర్థమైంది. పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్న నాకు, అది వేలికి అంటుకుని ఉండడం కొత్తగా తోచింది.

పుల్లల సంగతి ఇంకా సున్నితమైనది. మా కొబ్బరితోట గట్టు మీద పుల్లలు కోసుకునే మామిడి తల్లి చెట్లు ఐదున్నాయి: బంగినపల్లి రెండు, కొత్తపల్లి కొబ్బరి ఒకటి, సువర్ణరేఖ ఒకటి, చిన్నరసం ఒకటి. అవన్నీ నాన్నగారు కాయ చూసి, రుచి చూసి నిలబెట్టుకున్న చెట్లు. మాఘంలో ఆ చెట్లు పూత మీద ఉంటాయి. పూసిన కొమ్మ అంటుకు పనికిరాదు. పూత రాని కొమ్మల్లో మూడు నాలుగు నెలల వయసున్న చివరి కొమ్మను, ఎండ తగిలే వైపు నుంచి ఎంచుకోవాలి. దాన్ని వెంటనే కోయకూడదు. చెట్టు మీదే ఉంచి ఆకులను తుంచేసి, తొడిమలు మాత్రం మిగల్చాలి. వారం పది రోజుల్లో ఆ తొడిమలు వాటంతట అవే రాలి, చివరి మొగ్గ ఉబ్బుతుంది. ఆకులు లేకపోవడం వల్ల కొమ్మ తన బలమంతా మొగ్గకు పంపుతుంది కాబట్టి, అలా సిద్ధం చేసిన పుల్ల అంటు కట్టాక త్వరగా చిగురిస్తుంది. మొగ్గ విచ్చుకోబోయే ముందు కోయాలి, విచ్చుకున్నాక కోస్తే ఎండిపోతుంది. ఈ అదును రెండు మూడు రోజులకు మించి ఉండదు.

ఫిబ్రవరి రెండో వారంలో మొదటి అంటు కట్టాను. నేల నుంచి జానెడు ఎత్తులో, మొదలు మొక్క కాండం మీద నున్నగా ఉన్న చోటు చూసుకుని, పై నుంచి కిందికి రెండు అంగుళాల పొడవున బెరడుతో పాటు కొద్దిగా చేవ కూడా వచ్చేటట్టు చెక్కు తీయాలి. దాని అడుగున అడ్డంగా చిన్న గాటు పెడితే ఆ చెక్కు విడివడి పుల్ల కూర్చోవడానికి మెట్టు ఏర్పడుతుంది. పుల్ల మొదలును ఒక వైపు అంతే పొడవున ఏటవాలుగా, రెండో వైపు పొట్టిగా చెక్కి, ఆ మెట్టులో దించి, కనీసం ఒక అంచు అయినా పొరకు పొర కలిసేటట్టు సర్ది, పాలిథిన్ పట్టీతో కింది నుంచి పైకి బిగువుగా చుట్టాలి. ఆపైన పుల్లకు తేమ ఆరకుండా సన్నని పాలిథిన్ గొట్టం తొడిగి కట్టాలి. రాసేటప్పుడు ఇది నాలుగు వాక్యాల్లో ముగిసింది. ఆ రోజు ఉదయం నాలుగు గంటల్లో నేను కట్టగలిగినవి 11. మామయ్య వయసులో ఉన్నప్పుడు రోజుకు 300 కట్టేవారట.

కత్తి ఒకే ఊపులో నడవాలని ఆయన పదే పదే చెప్పారు. నాకు మొక్క తెగిపోతుందేమోనని భయం. ఆ భయంతో కత్తిని ఆపి ఆపి లాగేదాన్ని, కోసిన చోట మెట్లు మెట్లుగా వచ్చేది. ఆయన ఆ కోత మీద బొటనవేలి గోరు నడిపి, "అమ్మాయ్, ఇక్కడ గాలి ఉంది చూడు" అనేవారు. నా కంటికి కనిపించని గాలి ఆయన గోటికి తెలిసేది. రోజూ చెట్ల మండలు తెచ్చి వాటి మీద వందలసార్లు చెక్కు తీయించారు. కత్తిని ప్రతి పాతిక మొక్కలకూ సానరాయి మీద నూరించి, స్పిరిటు గుడ్డతో తుడిపించారు.

ఆ మొదటి జట్టు 80 అంట్లు. శివరాత్రి నాటికి, అంటే ఫిబ్రవరి 26 నాటికి, గొట్టాల్లోంచి చూస్తే కొన్ని పుల్లలు ఆకుపచ్చగానూ, చాలావరకు నల్లబడీ కనిపించాయి. మార్చి మొదటి వారంలో లెక్క చూస్తే చిగురు వేసినవి 22. మామయ్య చచ్చిపోయిన అంట్లను ఒక్కొక్కటిగా నా చేత విప్పించి, ఎందుకు చచ్చిందో నన్నే చెప్పమన్నారు. పొర కలవక ఎండినవి కొన్ని, పట్టీ వదులై నీరు దిగి కుళ్లినవి కొన్ని, మొగ్గ విచ్చిన తరవాత కోసిన పుల్లలు కొన్ని. పోయినవాటిని పారేసి ముందుకు వెళ్లిపోతే నేను ఏమీ నేర్చుకునేదాన్ని కాదు. ఆ పూట విప్పి చూసిన 58 మొక్కలే నాకు పాఠం. మొదలు మొక్కలకు ఏ హానీ లేదు, వాటి మీద కొంచెం కిందగా మళ్లీ కట్టుకోవచ్చు. రెండో జట్టు 150 కడితే 98 నిలిచాయి.

ఆ రోజుల్లో నర్సరీలో మిగతా పనులు ఆగవు. ఫాల్గుణం వచ్చేసరికి ఎండ ముదిరి, పొడిగాలి తోలి, గులాబీల ఆకుల అడుగున ఎర్రనల్లి, మందారాల చిగుళ్ల మీద పిండినల్లి మొదలయ్యాయి. నల్లికి మందు కంటే ముందు నీళ్ల దెబ్బే మేలని మా అనుభవం. ఉదయాన్నే పైపుకు సన్నని నాజిల్ తగిలించి ఆకు అడుగు భాగానికి తగిలేటట్టు గట్టిగా కొడితే సగానికి పైగా కొట్టుకుపోతుంది. అప్పటికీ లొంగకపోతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లేవాళ్లం. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. కాగితపు పూల మొక్కలకు మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధమైన సేవ చేయాలి. వాటికి నీళ్లు తగ్గించి, ఆకులు కాస్త వాడేదాకా ఉంచి, అప్పుడు తడిపితే కొమ్మ కొమ్మకూ రంగు తిరుగుతుంది. బాగా చూసుకోవాలని నేను రోజూ నీళ్లు పెట్టిన వరుస ఏపుగా ఆకు వేసి ఊరుకుంది. పిన్ని పట్టించుకోకుండా వదిలేసిన చివరి వరుస గులాబీ రంగులో నిండిపోయి, ఉగాదికి వచ్చినవాళ్లంతా ఆ వరుసనే కొన్నారు.

ఉగాది మార్చి 30న వచ్చింది. దానికి రెండు రోజుల ముందు కాకినాడ నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య కారులో వచ్చి, పెరట్లో వేసుకోవడానికి బంగినపల్లి అంటు కావాలన్నారు. కిందటి ఏడాది నాన్నగారు కట్టిన అంట్లలో కొన్ని కవరులో ఉండగానే పూత వేసి, బఠాణీ గింజంత పిందెలు పట్టి ఉన్నాయి. ఆవిడ చూపు వెంటనే వాటి మీద పడింది. "పిందె ఉన్నదే ఇవ్వమ్మా, ఈ ఏడే కాయ తినొచ్చు" అన్నారు. అంటు మొక్కకు పుల్ల ముదురు చెట్టు నుంచి వచ్చింది కాబట్టి చిన్న వయసులోనే పూస్తుంది. కానీ ఆ పూతను మొదటి రెండు మూడేళ్లు తుంచేయకపోతే మొక్క బలమంతా కాయకే పోయి, కొమ్మలు సాగక గిడసబారిపోతుంది. నేను ఆ మాట చెప్పి, వారి ఎదుటే పూతకాడను మొదలంటా తుంచాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. మొక్కను పాతేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలోకి పోకుండా పైనే ఉండాలని, దాని కింది నుంచి వచ్చే ఏ చిగురునైనా గోటితో గిల్లేయాలని, లేకపోతే పై అంటును మింగేసి నాటు మామిడి పెరుగుతుందని ఆయనకు కాగితం మీద రాసిచ్చాను. ఎండలు ముదురుతున్నాయి కాబట్టి తొలకరి దాకా కవరులోనే నీడన ఉంచి, అప్పుడు నేలలో పెట్టమన్నాను. ఆయన శ్రద్ధగా విని, ఆవిడ వైపు తిరిగి, "మన మనవడు బడికి వెళ్లే వేళకు కాయ వస్తుందిలే" అన్నారు. అప్పుడు ఆవిడే కవరు మొక్కను ఒళ్లో పెట్టుకుని కారెక్కారు.

ఇప్పుడు నా తప్పు గురించి చెప్పాలి. అది జరిగింది మార్చి మూడో వారంలో, మూడో జట్టు కట్టేటప్పుడు. చేయి కొంచెం తిరిగిందన్న ధైర్యంతో ఒకే ఉదయం బంగినపల్లి పుల్లలూ, కొత్తపల్లి కొబ్బరి పుల్లలూ కోయించాను. రెండింటినీ వేర్వేరు కట్టలుగా అరటినారతో కట్టి, తడి గోనెలో చుట్టి, ఒక్కో కట్టకు పేరు రాసిన కాగితపు చీటీ గుచ్చాను. రాసింది మామూలు పెన్నుతో. రెండు గంటల్లో గోనె తడికి సిరా కరిగి, చీటీలు రెండూ నీలిమరకలుగా మిగిలాయి. పనిలో పడి నేను అది చూసుకోలేదు. ఒక కట్ట విప్పి సగం వాడాక, ఎవరో ఫోను చేస్తే మాట్లాడి వచ్చి, రెండో కట్ట విప్పి, మిగిలినవి అందులోనే కలిపేశాను. పొద్దున్న పదింటికి చీటీలు రాద్దామని కూర్చుంటే, నేను కట్టిన 64 మొక్కల్లో ఏది ఏదో చెప్పలేని పరిస్థితి. ఆకు ఉంటే మామయ్య చెప్పగలరు. అంటు కోసం ఆకులన్నీ పది రోజుల ముందే మేమే తుంచేశాం కదా. ఆకు లేని పుల్ల బంగినపల్లిదైనా, కొబ్బరి మామిడిదైనా ఒకే తీరున ఉంటుంది.

నాకు ఏడుపు వచ్చింది. మొక్క చచ్చిపోతే దాని లెక్క వేరు, నష్టం మాదే. పేరు తప్పితే ఆ నష్టం మరొకరి నేల మీద నాలుగైదేళ్ల తరవాత తేలుతుంది. ఆ వారంలోనే మొక్కలు కొని బయటి రాష్ట్రాలకు పంపే వ్యాపారి ఒకాయన వచ్చి, సంగతి విని, "దీనికింత ఆలోచన ఎందుకండీ, అన్నిటికీ బంగినపల్లి అని రాసెయ్యండి, కాయ కాసేసరికి ఎవరు ఎక్కడుంటారో" అన్నారు. ఆయన చెడ్డవారని నేను అనను, చాలామంది ఆ మాటే అంటారు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరు చెబితే చాలు మొక్క ఆగదు. ఆ రాత్రి నాన్నగారికి చెప్పక తప్పలేదు. మంచం మీద కాలు చాపుకుని పడుకున్న ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నాకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పారు.

నేను బడిలో చదువుతున్న రోజుల్లో మెట్ట ప్రాంతపు రైతు ఒకాయన మా దగ్గర 40 అంట్లు కొన్నాడట. ఆరేళ్ల తరవాత, వేసవి మధ్యాహ్నం, ఆయన బస్సు దిగి నడిచి వచ్చి, కండువాలో కట్టి తెచ్చిన నాలుగు పండ్లను నాన్నగారి ముందు మంచం మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా నిలబడ్డాడట. అవి చీటీ మీద రాసి ఇచ్చిన రకం కాదు. నాన్నగారు ఆ ఏడు పుల్లలు బయట కొన్నారు, అక్కడే ఎవరి చేతిలోనో కలిసిపోయాయి. ఆయన డబ్బు తిరిగి ఇవ్వబోతే ఆ రైతు తీసుకోలేదు. "డబ్బు కాదండి, ఆరేళ్లు" అన్నాడట, అంతే. అప్పటి నుంచే నాన్నగారు బయటి పుల్ల ముట్టుకోకుండా, గట్టు మీద సొంత తల్లి చెట్లు పెట్టుకున్నారు. ఆ చెట్లు అక్కడికి ఎందుకు వచ్చాయో వాటి నీడలో ఆడుకుని పెరిగిన నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు ఆ 64 మొక్కలనూ విడిగా ఒక మడిలోకి మార్చి, చుట్టూ ఎర్ర తాడు కట్టించాను. మిగతా జట్లన్నిటికీ కాగితపు చీటీలు తీసేసి, అల్యూమినియం రేకు ముక్కల మీద మేకుతో గీకి పేర్లు రాయడం మొదలుపెట్టాను. పుల్లలు కోసేటప్పుడు ఒక పూటకు ఒకే రకం, ఆ రకం అయిపోయి గోనె దులిపిన తరవాతే రెండోది అని నియమం పెట్టుకున్నాం. పిన్నికి చదువు రాదు కాబట్టి, రకానికొక రంగు నైలాన్ దారం కూడా ఏర్పాటు చేశాను. బంగినపల్లికి పసుపు, కొబ్బరికి తెలుపు, సువర్ణరేఖకు ఎరుపు, రసానికి పచ్చ. "ఆయ్, ఇది ముందే పెడితే పోయేదండి" అంది ఆవిడ. నిజమే.

ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల కాలం వచ్చింది, ఆ వెనుకే కాలువ కట్టేశారు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే డెల్టా కాలువలను దాళ్వా పంట చేతికొచ్చే వేళకు మరమ్మతుల కోసం మూసి, ఖరీఫ్‌కు మళ్లీ వదులుతారు. 1852లో మొదటి ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మా ప్రాంతపు బతుకంతా ఆ కాలువ నీటి లెక్క మీదే నడుస్తోంది, నర్సరీలు కూడా ఆ నీరు ఉండబట్టే ఇక్కడ పుట్టాయి. కాలువ ఎండితే బోరు మీద ఆధారపడాలి. మాది సన్నటి ధార, 60 సెంట్లకు ఒకేసారి చాలదు. అందుకని మడులను రెండు భాగాలు చేసి, అంట్లకూ లేత మొక్కలకూ సూర్యుడు పైకి రాకముందే, క్రోటన్లకూ ముదురు మొక్కలకూ సాయంత్రం ఐదు దాటాక పెట్టేవాళ్లం. పాత నెట్ మీద మరో పొర కప్పి, పడమటి ఎండ తగిలే వైపు తాటాకులు నిలబెట్టాం. కొబ్బరి పొట్టు కవర్ల పైన పలుచగా పరిచాక రోజుకు ఒక తడి ఆదా అయింది. ఏప్రిల్ నెలాఖరులో మొత్తం అంట్లను లెక్కిస్తే, తిరిగి కట్టినవాటితో కలిపి, బతికినవి 291. మొదటిసారి పట్టినదానికి తక్కువేమీ కాదని మామయ్య అన్నారు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేను ఎప్పుడూ వినలేదు.

ఎర్ర తాడు మడిలో 64కు 47 చిగురించాయి. మామిడి చిగురు మొదట రాగిరంగులో, పట్టులాగా వేలాడుతుంది. ఆ దశలో చూసి చెప్పమని నేను తొందరపెడితే మామయ్య ఒప్పుకోలేదు. లేత ఆకు అబద్ధం చెబుతుందని, పచ్చబడి గట్టిపడేదాకా ఆగాలని అన్నారు. వైశాఖంలో ఒక ఉదయం, ఎండ ఎక్కకముందే, నాన్నగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం మడి దాకా మోసుకొచ్చాం. మామయ్య చూపు మందగించింది కదా, ఆయన ఎక్కువగా వేళ్లను నమ్మారు. ఒక్కో మొక్క నుంచి ముదిరిన ఒక ఆకును తెంపి, అంచు వెంట బొటనవేలు నడిపి, సగానికి విరిచి నలిపి వాసన చూసి, నాన్నగారికి అందించారు. నాన్నగారు కూడా వాసన చూసి తల ఊపితే నేను దారం కట్టాను. ఇద్దరిలో ఏ ఒక్కరు సందేహించినా ఆ మొక్కను పక్కన పెట్టాం. రెండు గంటలు పట్టింది. పసుపు దారం 25, తెల్ల దారం 14, ఏ దారమూ కట్టనివి 8.

ఆ ఎనిమిదింటినీ అమ్మకానికి పెట్టలేదు. ఆ ఏడాది రుతుపవనాలు ముందే వచ్చి, మే నెలాఖరులోనే మా దగ్గర నేల తడిసింది. కొబ్బరితోట గట్టు మీద, తల్లి చెట్లకు కాస్త దూరంగా, మూడు అడుగుల గోతులు తీయించి, గత్తం వేసి, నేనే ఆ ఎనిమిది మొక్కలనూ పాతాను. అప్పటికి కర్ర ఊతంతో నడుస్తున్న నాన్నగారు ప్రతి మొక్కకూ అంటు భాగం మట్టి పైకి ఉందో లేదో వంగి చూశారు. ఒక్కోదానికీ ఒక అల్యూమినియం రేకు కట్టాను. దాని మీద తేదీ ఒక్కటే గీకి, పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంచాను.